పలాస బండి, గ్రీకు నిబంధన

కోటబొమ్మాళి, 2024 జూన్ 9, ఆదివారం

ఈ పూట యోహాను తొమ్మిదో అధ్యాయం, పుట్టుగుడ్డివాడి సంగతి చెప్పాను. ఒక గ్రీకు మాట దగ్గర పది నిమిషాలు ఆగాను. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఒక మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "బాగా సెప్పినారు బాబూ. నాకే ఒక్క ముక్కా అర్థమవనేదు." లోపం తనలోనే ఉందనుకుంటోంది. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

జూన్ 11, మంగళవారం

పలాస కిడ్నీ ఆసుపత్రి. రెండు వందల పడకలు. నిరుడు డిసెంబరులోనే తెరిచారు. మా సంఘస్తురాలి తమ్ముడు ఉద్దానం మనిషి, కొబ్బరి దింపేవాడు. నాలుగు గంటల డయాలసిస్ ముగించుకుని, చేతి మీద దూది అదిమి పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ప్రార్థన కోసం ఆ చెయ్యే నాకు అందించాడు. చర్మం కింద ఫిస్టులా, డయాలసిస్ కోసం కలిపిన రక్తనాళం, జుమ్మంటోంది, తుమ్మెద గుప్పిట్లో ఉన్నట్టు. ఆమెన్ అనగానే అడిగాడు.

"ఏటి పాపం చేసినానని అయ్యగారూ, నాకిది?"

ప్రార్థనకని వచ్చినవారెవరో విశ్వాసం చాల్లేదన్నారట. ఉద్దానంలో ఇంతమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నా, మూలం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. కారణం దొరకని చోట పాపం అనే మాట ఇట్టే వచ్చి కూర్చుంటుంది.

ఆదివారం చెప్పిందే మళ్లీ చెప్పాను, గ్రీకు లేకుండా. ఆ గుడ్డివాడిదీ పాపం కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు ప్రభువు. అని ఊరుకోలేదు, వంగి మట్టి తడిపాడు.

"అయితే నాది కాదంటారా?"

"కాదు."

సీసాలోంచి ఒక్క గుక్క నీళ్లు తాగి మూత బిగించాడు. రోజుకి ఇన్ని నీళ్లేనని లెక్క.

జూన్ 12

రాత్రి మూలం మళ్లీ చూశాను. అందుకే గుడ్డివాడిగా పుట్టాడన్న మాట మూడో వచనం గ్రీకులో లేదు. మన తెలుగు అనువాదం పూరించింది. పాత ప్రతుల్లో విరామ చిహ్నాలూ దాదాపు లేవు. కాబట్టి 'దేవుని క్రియలు కనబడేలా' అన్నది తర్వాతి వచనంలోని 'పని చెయ్యాలి'తో కలిపి చదివేవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి తెలియకపోతే నిన్న అంత గట్టిగా 'కాదు' అనగలిగేవాణ్ణా? అనుమానమే.

జూన్ 16, ఆదివారం

దైవశాస్త్రంలో బి.డి. చదివే కుర్రాడు సెలవులకి వచ్చాడు. మానేసి సేవకి దిగిపోతాడట. ఆత్మ ఉండగా శ్రీరాంపూర్ పట్టా ఎందుకంటాడు. వాడి ఆత్రం నాకిష్టం. మానెయ్యడం ఇష్టం లేదు.

పురుషోత్తమ చౌదరిగారి మాట ఎత్తాను. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన మనిషి. చిన్ననాడు నేర్చిన తెలుగూ సంస్కృతమూ సేవకి వచ్చాక పారేశాడా? ఆ చదువంతా పాటలోకి దింపాడు. అక్షరం రాని మామ్మలు కూడా నేటికీ ఆయన కీర్తనలు పుస్తకం లేకుండా పాడుతున్నారు. కిందటి ఆదివారం నా మాట అందని ఆ మామ్మకీ ఆయన పాట వచ్చు.

వాడు సరే అనలేదు, కాదనీ అనలేదు.

జూన్ 17

సాయంత్రం మామ్మ ఇంటికెళ్లి గుడ్డివాడి కథ మొదటినుంచీ చెప్పాను. బురద దగ్గరికొచ్చేసరికి చేట పక్కన పెట్టింది. "ఉమ్మితోనా బాబూ!" అని నోటి మీద చెయ్యేసుకుంది.

రేపు పలాస. కుర్రాడు వస్తానన్నాడు. గ్రీకు నిబంధన సంచిలో పెట్టుకోమన్నాను.