సున్నంలో ఉడికిన మక్కలు

మా చిన్నోడు కంప్యూటర్ ఉద్యోగం మీద మెక్సికో దేశంలో గ్వాదలహారా నగరంలో ఉంటున్నాడు. "ఒక్కసారి వచ్చి చూసిపోండి బాపూ" అని రెండేళ్లు పోరుపెట్టి, పోయిన ఏడు నన్నూ మా ఇంటిదాన్నీ పిలిపించుకున్నాడు. వీసా కోసం తిరిగిన తిరుగుడు, విమానంలో కాళ్లు వాచిన సంగతి రాస్తే పేజీలు నిండుతాయి గానీ, ఆ కష్టం పోయొచ్చిన వాళ్లందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది అక్కడ తిన్న ఒక రొట్టె గురించి.

ఆ దేశానికి దక్షిణాన వహాకా అనే రాష్ట్రం ఉంది. చుట్టూ కొండలు, నడుమ లోయ. మేం అక్కడికి పోయింది తిండి కోసం కాదు, మగ్గాల కోసం. వహాకా పట్నానికి 30 కిలోమీటర్ల దూరంలో తెయోతిత్లాన్ అని ఒక ఊరు. సపోటెక్ జాతి వాళ్ల ఊరు. ఇంటింటికీ మగ్గం, ఉన్ని తివాచీలు నేస్తారు. మిల్లు మూతపడేదాకా సోలాపూర్ మిల్లులో, ఆ తర్వాత పవర్‌లూమ్ సాంచాల మీద బతికినవాణ్ణి, నేతగాళ్ల ఊరంటే చూడకుండా ఎట్లా ఉంటాను?

ఒక ఇంటి వాకిట్లో నా ఈడు మనిషి కాళ్లతో తొక్కే మగ్గం మీద నేస్తున్నాడు. ఎర్రరంగు ఎట్లా చేస్తారని అడిగితే నాగజెముడు మట్ట ఒకటి చూపించాడు. దానిమీద తెల్లగా బూజు పట్టినట్టు చిన్న పురుగులు. వాటిని ఎండబెట్టి నూరితే ఎర్రరంగు వస్తుంది. అరచేతిలో నూరి, నిమ్మరసం పిండగానే అది నారింజ రంగుకు తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మా ఇంటిది మాత్రం మగ్గం దిక్కు చూడనే లేదు. ఆమె చూపంతా పొయ్యి దగ్గరే.

అక్కడ ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని రాతి మీద పిండి లాగుతోంది. దాన్ని మెటాటే అంటారు. మన సన్నికల్లు లాంటిదే గానీ మూడు కాళ్లుంటాయి, ముందుకు వాలి ఉంటుంది. రోజూ దీనిమీద రుబ్బదట. ఊళ్లో కరెంటు గిరిణి ఉంది. అక్కడ పట్టించుకొచ్చి, చివరికి ఒక చుట్టు రాయి మీద మెత్తగా లాగుతుంది. ఆ పిండిని ఉండ చేసి, ఒత్తి, మట్టి పెనం మీద వేసింది. పలుచని రొట్టె, ఎక్కడా అంచు పగల్లేదు. టోర్టియా అంటారు.

మా ఇంటిది ఆగలేకపోయింది. "ఇది మక్కపిండే కదా, వేడినీళ్లు పోయలేదు, మరి విరగదేంది? అడుగురా" అన్నది. మన ఇళ్లలో తెలియనిదెవరికి? జొన్నపిండికే మసిలే నీళ్లు పోయకపోతే రొట్టె నిలవదు. మక్కపిండి అయితే ఇంకా మొండిది.

కొడుకు స్పానిష్‌లో అడిగితే ఆ తల్లి నవ్వి, మూలనున్న బకెట్ మూత తీసింది. పసుపు పచ్చటి నీళ్లలో నానిన మక్కలు. ఒక గింజ తీసి వేళ్లతో నలిపితే పైపొట్టు జారిపోయింది. పక్కన గిన్నెలో తెల్లటి పొడి. మా ఇంటిది దాన్ని వేళ్ల మధ్య రాసి చూసి, "సున్నమయ్యా! మనం ఆకుల వేసుకునే సున్నం!" అన్నది.

రాత్రి సున్నపు నీళ్లలో మక్కలు ఉడికించి, పొద్దున దాకా నానబెట్టి, కడిగి రుబ్బుతారు. సున్నం వల్ల పొట్టు ఊడుతుంది, పిండికి జిగురు వస్తుంది. దీన్ని నిష్టమాల్ అంటారు. మూడు వేల ఏళ్లకు పైగా ఇదే పద్ధతి అట. మట్టి పెనానికి కూడా సున్నపు నీళ్లే పూస్తారు, రొట్టె అంటకుండా. ఆ లోయలోనే మిత్లా అనే ఊరి దగ్గరి గుహలో 6,000 ఏళ్ల కిందటి మక్కకంకులు దొరికాయి.

ఆదివారం త్లాకొలూలా సంతకు పోయాం. గుంతలో కాల్చిన మేకమాంసం, కుప్పలు పోసిన వేయించిన మిడతలు. మా ఇంటిది ముఖం తిప్పుకుంది. నేను మాత్రం చిన్నప్పుడు ఉసిళ్లు తిన్నవాణ్ణే కాబట్టి గుప్పెడు తిన్నాను. ఉప్పు, పులుపు, కరకర. తర్వాత త్లాయుదా అని తట్టంత వెడల్పు రొట్టె, అచ్చం మన కడక్ భాకరి లెక్క గట్టిగా, పైన చిక్కుడు గింజల ముద్ద. దానికి మన శేంగా చట్నీ ఉంటే అనిపించింది.

మోలే అనే నల్ల పులుసు సంగతీ చెప్పాలి. ఎండుమిరపకాయలను, గింజలను కావాలనే నల్లగా మాడుస్తారు. మన ఇంట్లో మిరపకాయ మాడితే కోడల్ని తిడతాం! అందులో నువ్వులు, చాక్లెట్, లవంగం, దాల్చినచెక్క, ఇంకా ఏమేమో, ఇరవైకి పైగా దినుసులు. మిరప మనకు ఆ దిక్కు నుంచే పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది, అంతకుముందు మన కారమంతా మిరియాలే. ఆ లవంగం, దాల్చినచెక్క మన దిక్కు నుంచి అక్కడికి పోయినవి. మెక్సికో వంటను 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కొడుకు ఫోన్‌లో చదివి ఒక సంగతి చెప్పాడు. మన మిల్లు కుటుంబాల వాళ్లు వినాలని ఇది రాస్తున్నాను.

స్పెయిన్ వాళ్లు మక్కలను సముద్రం దాటించారు. గింజ పోయింది, సున్నం పోలేదు. ఇటలీలో, స్పెయిన్‌లో మక్కపిండి తప్ప వేరే గతిలేని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. చేతుల మీద, మెడ మీద తోలు ఎర్రబడి పగలడం, విరేచనాలు, చివరికి మతి తప్పడం. తర్వాత అమెరికా దక్షిణాన అదే జబ్బు వచ్చింది. ఎవరికి? చాలామట్టుకు బట్టల మిల్లు కూలీలకు, పత్తి చేల కూలీలకు. మిల్లు ఊళ్లలో వాళ్ల తిండి మరపట్టిన మక్కపిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం. అంటురోగమన్నారు, మురికివాళ్లన్నారు.

1914లో అమెరికా సర్కారు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరుకు ఈ పని అప్పజెప్పింది. 1916లో ఆయన మనుషులు సౌత్ కరోలినాలో ఏడు మిల్లు ఊళ్లు ఇల్లిల్లూ తిరిగి, సంపాదన ఎంత, ఏం కొంటున్నారు, ఏం తింటున్నారు అని రాసుకున్నారు. ఆదాయం తక్కువున్న ఇళ్లలోనే జబ్బు ఎక్కువ. అంటురోగం కాదని చూపించడానికి ఆయన, ఆయన భార్య, తోటి డాక్టర్లు రోగుల రక్తం సూదితో ఎక్కించుకున్నారు. ఎవరికీ ఆ జబ్బు రాలేదు. లోపించింది నియాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది. మక్కల్లో అది ఉంటుంది గానీ ఒంటికి పట్టదు. సున్నంలో ఉడికిస్తేనే విడుదలవుతుంది. పొయ్యి దగ్గరి ఆ తల్లికి విటమిన్ పేరు తెలియదు, గిన్నెలో సున్నం మాత్రం ఉంది.

నాకు 1972 కరువు గుర్తొచ్చింది. రేషన్‌లో ఎర్రటి మైలో జొన్నలు ఇచ్చారు, అమెరికావి. మా అమ్మ పిండి కలిపి తట్టేది, రొట్టె విరిగేది, మళ్లీ తట్టేది. ఆఖరికి గటక చేసి పోసేది. పెనం ముందు అమ్మ ఏడ్వడం అప్పుడే చూశాను. మా నాయన రెండో పాళీ చేసి వచ్చి, మాట్లాడకుండా తాగి పడుకునేవాడు. ఇది చెబితే కొడుకు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోంచి చూశాడు. మా ఇంటిది, "అత్తమ్మ నాకెన్నడూ చెప్పలేదు" అన్నది.

సోలాపూర్ వచ్చిన వారానికే మా ఇంటిది కిలో ఎండుమక్కలు తెచ్చి మొదలుపెట్టింది. మొదటిసారి పిండి జారుడైంది, దోసెలు పోసుకున్నాం. రెండోసారి సున్నం ఎక్కువై చేదు కొట్టింది. మూడోసారికి కుదిరింది. పెద్దోడి బిడ్డ శేంగా చట్నీతో రెండు తిని మూడోది అడిగింది. చేసి చూసే అక్కచెల్లెళ్ల కోసం లెక్క రాస్తున్నాను: కిలో మక్కలకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల సున్నం. పాన్ దుకాణంలో దొరికే తినే సున్నమే, గోడలకు వేసేది కాదు. పొట్టు జారేదాకా ఉడికించి, రాత్రంతా ఉంచి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఇడ్లీ గ్రైండర్‌లో చుక్క చుక్కగా నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బాలి. పిండి గిరిణికి తీసుకుపోకండి, తడి గింజ పోస్తే గిరిణివాడు ఊరుకోడు. మేం తిట్లు తిని వచ్చాం.