గండికోటలో మా రాత్రి

"మీరు ఫ్యామిలీయా, బ్యాచిలర్సా మేడమ్?"

గండికోటలో టెంట్లు అద్దెకిచ్చే పిల్లవాడు మమ్మల్నడిగిన మొదటి ప్రశ్న ఇది. మేం ఐదుగురం ఆడవాళ్ళం. ఇద్దరికి పెళ్ళి కాలేదు, ఒకామె విడిపోయింది, ఒకామె పిల్లలిద్దర్నీ భర్తకి అప్పగించి వచ్చింది. నన్ను ఏ లెక్కలో వెయ్యాలో నాకే తెలీదు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఫ్యామిలీలకి ఒక వరస, కుర్రాళ్ళ గుంపులకి లోయ అంచున ఇంకో వరస అని అతని ఏర్పాటు. మగతోడు లేకుండా, పిల్లలు లేకుండా, కనీసం ఒక మొక్కుబడైనా లేకుండా ఆరుబయట పడుకోవడానికొచ్చిన ఆడవాళ్ళకి వరస లేదు. కాసేపు తల గోక్కుని "లేడీస్ బ్యాచ్ అని రాసుకుంటాలెండి" అన్నాడు. బాత్రూముల పక్కన, లైటు స్తంభం కింద, ఊరి చివరి ఇళ్ళకి దగ్గరగా మా రెండు టెంట్లూ వేశాడు. అక్కడైతే సేఫ్ అట. నక్షత్రాలు చూద్దామని బయల్దేరిన మాకు తెల్లారేదాకా కనబడింది ఆ లైటే.

2023 డిసెంబరులో ఒక శనివారం అది. ప్రొద్దుటూరులో సదస్సు ముగిసింది. మీ జిల్లాకొచ్చి గండికోట చూడకుండా పోతామా అని మిత్రులు పట్టుబట్టారు. జమ్మలమడుగులో దిగి నీళ్ళ సీసాలు, అరటిపళ్ళు కొనుక్కుని ఆటో మాట్లాడుకున్నాం. అక్కణ్ణుంచి పదిహేను కిలోమీటర్లు. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసిన చోటు. ఆ కోతనే గండి అంటారు. పెమ్మసాని నాయకులు, మీర్ జుమ్లా, అతన్ని కలవడానికి 1652 లో ఇక్కడిదాకా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే - ఈ కోట గురించి చెప్పేవాళ్ళందరూ ఈ పేర్లు చెబుతారు. కోట లోపల ఇప్పటికీ ఒక చిన్న ఊరుందని, అందులో జనం వండుకుని తిని పడుకుంటారని చెప్పేవాళ్ళు తక్కువ. ఈ జిల్లాదాన్నే అయినా నేనూ ఆ ఊరిని గుళ్ళకీ మసీదుకీ పోయే దారిగానే చూశాను.

ఆ రాత్రి ఎంతమందున్నారో లెక్కపెట్టలేదు. టెంటుకీ టెంటుకీ మధ్య నడిస్తే కాలికి తాడు తగులుతుంది. బెంగళూరు బళ్ళు, హైదరాబాదు బళ్ళు. ఒక గుంపు స్పీకరు తెచ్చుకుంటే పక్క గుంపు అంతకంటే పెద్దది తెచ్చుకుంది. రెండు పాటలు కలిసి ఏ పాటా కాని మోత. ఒకరు కారు హెడ్‌లైట్లు వేసి ఉంచి ఆ వెలుగులో చికెన్ కాల్చుకున్నారు. ఆ వెలుగు ఎవరి టెంటు మీద పడుతోందో వాళ్ళకి పట్టలేదు. తాగేసిన సీసాల్ని లోయలోకి విసరడం, పగిలిన చప్పుడు వినబడితే కేకలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని కేంద్రం 2000 లోనే నిబంధనలు చేసింది. అది గుర్తు చేస్తే టెంట్ల పిల్లవాడు నవ్వి "కస్టమర్లు కదా మేడమ్" అన్నాడు.

మేం సాయంత్రం ఆరింటికే నీళ్ళు తాగడం మానేశాం. అంతమందికీ రెండే బాత్రూములు. వాటి ముందు ఎప్పుడూ నలుగురైదుగురు మగపిల్లలు సిగరెట్లతో నిలబడి ఉన్నారు. వాళ్ళు మమ్మల్నేమీ అనలేదు, నిజం చెప్పాలంటే. జరిగి దారి కూడా ఇచ్చారు. అయినా ఇద్దరిద్దరమే వెళ్ళాం.

గండి అంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఈ కోట కాదు. పాపాఘ్ని కొండల్ని కోసుకుని బయటపడే చోట ఉన్న గండి ఆంజనేయస్వామి గుడి. శ్రావణ శనివారాలకి మా పులివెందుల అవ్వ నన్నక్కడికి నిద్ర చేయడానికి తీసుకుపోయేది. మొక్కున్నవాళ్ళు ముందు రాత్రే చేరి ఎక్కడో ఒకచోట చాప పరుచుకునేవాళ్ళు. ఇసకేస్తే రాలనంత జనం. చాప పరిచేముందు అవ్వ అటూ ఇటూ ఉన్నవాళ్ళని "ఈడ ఎవరన్నా వస్తారామ్మా?" అని అడిగేది. ఎవరి తలవైపూ మా కాళ్ళు రాకుండా చూసేది. మనిషి నడిచేంత బాట వదిలేది. పక్క చాపలో పసిపిల్ల ఉంటే మా గుసగుసలు కూడా ఆపించేది. వంటయ్యాక మూడు రాళ్ళ పొయ్యిని చెదరగొట్టనిచ్చేది కాదు. బూడిద తోసేసి, మిగిలిన పుల్లలు పక్కన పెట్టి లేచేది. వెనకొచ్చేవాళ్ళెవరో మనకి తెలీదు కదవ్వా అంటే, "తెలిసినోళ్ళైతే నేనే వండిపెడ్తా. తెలీదు గాబట్టే పుల్లలు పెడ్తాండా" అంది ఒకసారి.

ఈ సంగతులే టెంట్లో పడుకుని మిత్రులకి చెబుతున్నాను. పదకొండు దాటింది. మా టెంటు జిప్పు కదిలింది.

టెంటుకి గడియ ఉండదు. తలుపు కొట్టడమూ ఉండదు. జిప్పు పళ్ళు ఒకటొకటే విడిపోతున్న చప్పుడు, తరవాత ఫోను వెలుగు, ఆ వెలుగు వెనక ఒక చెయ్యి. మాలో పెద్దావిడ "ఎవర్రా అది!" అని అరిచింది. చెయ్యి వెనక్కి పోయింది. "సారీ సిస్టర్, మా టెంటనుకున్నా" అని ముద్దగా ఒక గొంతు. పొరపాటే కావచ్చు. అన్ని టెంట్లూ ఒకే నీలం రంగు. కానీ పొరపాటో కాదో తేల్చుకునేలోపల నా ఒళ్ళంతా చెమట పట్టింది, పక్కనున్నామె అరటిపళ్ళు కోసుకున్న చాకు చేతిలోకి తీసుకుంది. టెంట్ల పిల్లవాడు పరిగెత్తుకొచ్చాడు. పాపం భయపడ్డాడు. స్పీకర్లన్నీ కట్టించాడు. వెళ్తూ మాకో సలహా ఇచ్చాడు: "జిప్పుకి లోపల్నుంచి పిన్నీసు పెట్టుకోండి మేడమ్. పొద్దున దాకా బయటికి రావద్దు."

బయటికి రావద్దు అనేసరికి మాకు ఒళ్ళు మండింది. ఐదుగురం దుప్పట్లు కప్పుకుని వచ్చి బండమీద కూర్చున్నాం. బెంగళూరులో 2003 లో మొదలైన బ్లాంక్ నాయిస్ వాళ్ళు ఆడవాళ్ళని పార్కుల్లో ఆరుబయట పడుకోవడానికి పిలుస్తారు, భయం లేకుండా నిద్రపోయే హక్కు మాదీ అని. ఒక మిత్రురాలు అందులో పాల్గొంది. ఆ మధ్యాహ్నం నిద్ర పట్టిందా అని అడిగితే, పట్టలేదు గానీ కళ్ళు మూసుకోగలిగాను అంది. 2011 లో వచ్చిన 'వై లాయిటర్?' పుస్తకం సంగతి వచ్చింది. ఏ పనీ లేకుండా బయట తిరిగే హక్కు ఆడవాళ్ళకుండాలని ముంబై గురించి రాసిన ముగ్గురూ ఈ బండమీదకొస్తే ఏమంటారో అనుకున్నాం. ఎవరో ఒక పాట ఎత్తుకున్నారు. మొదట కూనిరాగం, తరవాత గొంతు విప్పి. ఉద్యమ పాటలు, సినిమా పాటలు, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న పెళ్ళిపాటలు, బూతుపాటలు కూడా. మగపిల్లల టెంట్లు నిశ్శబ్దమైపోయాయి. గెలిచామనిపించింది. చాలా ఏళ్ళ తరవాత నేను అంత గట్టిగా నవ్వాను. రెండు గంటల దాకా పాడాం.

లోపలికెళ్ళేసరికి లోయలోంచి గాలి లేచింది. బండలో మేకులు దిగవు కదా, టెంట్లు ఎగిరిపడుతున్నాయి. పిల్లవాడు ఎక్కడ పడుకున్నాడో తెలీదు. ఊరివైపు చీకట్లో చేతికందిన రాళ్ళు ఓ పదిహేను తెచ్చి టెంట్ల అంచుల మీద పెట్టాను.

తెల్లవారకముందే బాత్రూముకని లేస్తే, ఒకామె గోనెసంచీ పట్టుకుని సీసాలేరుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. సంచీలో వేసేముందు పెంకుల్ని చూసి చూసి తీస్తోంది. మేకల కాళ్ళకి గుచ్చుకుంటున్నాయట. నేనూ వంగి రెండు ఏరాను. "ఏం మనుషులక్కా, రాత్రంతా ఒకటే గోల, మీకు నిద్రే ఉండదు కదా" అన్నాను, మనిద్దరం ఒక పక్షం అన్నట్టు.

ఆమె నడుం నిటారు చేసి నన్ను చూసింది. "వాళ్ళు పన్నెండుకు ఆపిరి గదమ్మా. మీరే, రెండు దాంకా పాడ్తానే ఉంటిరి. మా కోడలు పురిటిది. పదిదినాల పిల్ల. పిల్లని పండబెడ్తాం, మీరు నగుతారు. మళ్ళా లేస్తాది."

నేనేం మాట్లాడలేదు. ఆమె కోపంగా చెప్పలేదు. కాసేపయ్యాక "బాగనే పాడ్తారులే" అని కూడా అంది.

మిత్రులకి చెప్పాను. ఒకామె వెంటనే, స్పీకరుకీ ఆడవాళ్ళ గొంతుకీ ఒకే తూకం వెయ్యొద్దంది. మగవాళ్ళు రోజూ ఆక్రమించే రాత్రిని మేం ఒక్క రాత్రి తీసుకున్నాం, దానికీ క్షమాపణ చెప్పుకోవాలా అంది. తప్పని నాకూ అనిపించలేదు. రెండో మిత్రురాలికి తన మొదటి పురుడు గుర్తొచ్చింది. పదో రోజు నిద్రలేమి అంటే ఏమిటో మీకెవరికీ తెలీదు, ఆ పిల్ల ఏ స్త్రీవాదం పేరుతో మేలుకుని ఉండాలి అని అడిగింది. 2000 నాటి నిబంధన ప్రకారం చూస్తే మా తప్పేమీ లేదు, మావి ఉత్త గొంతులే. చట్టం మమ్మల్ని వదిలేసిన చోట అవ్వ వదలదు.

కానీ అవ్వ దగ్గరికి నేను తేలిగ్గా వెళ్ళలేను. ఆమె మర్యాద నాకు ఎంత ముద్దొచ్చినా అందులో సగం తోటివాళ్ళ కోసం, సగం మగవాళ్ళ కోసం. పసిపిల్ల నిద్రపోతోందని మమ్మల్ని నోరు మూసుకోమన్న అవ్వే, ఎవరన్నా చూస్తారని కాళ్ళు బారజాపుకోనిచ్చేది కాదు. మగవాళ్ళు లేవకముందే ఏట్లో స్నానాలు చేయించి చీరలు మార్పించేది. తాతా చిన్నాన్నలూ దారికడ్డంగా పడుకుని గురకపెడితే వాళ్ళని దాటుకుని వెళ్ళేదే గానీ ఒక్కసారీ లేపలేదు. ఆ బాట వదలడమనేది మా చాపకే నేర్పింది. పొయ్యి పక్కన పుల్లలు పెట్టడాన్నీ, కాళ్ళు ముడుచుకోవడాన్నీ ఆమె ఒకే గొంతుతో, ఒకే రాత్రి నేర్పింది. నేను రెండోదాన్ని వదిలించుకోవడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది. ఆ విదిలింపులో పుల్లలు కూడా ఎక్కడో జారిపోయాయేమో. టెంట్ల పిల్లవాడు ఊరి పక్కన వేశాడని గొణుక్కున్నానే గానీ, బండమీద కూర్చునేటప్పుడు ఆ ఇళ్ళవైపు ఒక్కసారి చూడలేదు.

మాటలు తెగకముందే ఆమె మా టెంట్ల దగ్గరికి వచ్చింది. ఏమీ అనకుండా అంచుల మీద రాళ్ళు ఒక్కొక్కటే తీసి గోనెలో వేసుకోవడం మొదలుపెట్టింది. గాలికి మళ్ళీ టెంటు లేచింది. ఎందుకక్కా అన్నాను.

"మా మేకల దొడ్డి గోడవమ్మా ఇవి. రాత్రి యాడి నుంచో ఒక మేక బయటికి పొయ్యింది, యాడి నుంచో తెలీక నేను తిరుగుతాండా."

మేక దొరికిందా అని అడిగాను. మా వాడు చూడబొయినాడు అంది. ఐదుగురం తలా మూడు రాళ్ళు ఎత్తుకున్నాం. పగలు చూస్తే ఆ గోడ మా టెంటుకి ఇరవై అడుగులు కూడా లేదు. వాటి వెనక ఇంటి అరుగు మీద ఒక పిల్ల మోకాళ్ళ మీద పాపాయిని పడుకోబెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, నోటి మీద వేలు పెట్టి సైగ చేసింది. రాళ్ళు చప్పుడు కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చడానికి మాకు చాలాసేపు పట్టింది.