గంటము – కుంచె

పిల్లలూ! వనపర్తి జిల్లాలో గోపాల్‌పేట అనే ఊరున్నది. నిజాముల కాలంలో అది ఒక సంస్థానానికి ముఖ్యపట్టణం. ఆ ప్రాంతంలో పొలాల గట్ల వెంట నడిస్తే తాటిచెట్లు కనబడతాయి. కాగితం వాడుకలోకి రాక పూర్వం మన పెద్దల పుస్తకాలు ఆ చెట్టు మీదనే కాసేవి!

ఎలాగంటారా? తాటాకులను కమ్మలుగా కోసి, నీళ్ళలో ఉడికించి, ఆరబెట్టి, నున్నగా రుద్దేవారు. మొన వాడిగా ఉన్న ఇనుప గంటంతో వాటి మీద గీసేవారు. అప్పటికి అక్షరం సరిగా కనబడదు. దీపపు మసిని నూనెలో కలిపి పూసి, గుడ్డతో తుడిస్తే, గీతల్లో దిగిన మసి మాత్రం నిలిచి అక్షరం నల్లగా తేలేది. తరువాత కమ్మలకు రంధ్రాలు చేసి, దారం గుచ్చి, పైనా క్రిందా చెక్కలు పెట్టి కట్టేవారు.

మన అక్షరాలు గుండ్రంగా ఎందుకున్నాయో ఎన్నడైనా ఆలోచించారా? ఆకు పొడుగునా నిలువుగా ఈనెలుంటాయి. వాటి వెంట తిన్నగా గీస్తే ఆకు చీలిపోతుంది. అందుకే గంటం వంపులు తిరిగిందని పలువురు పండితులు చెబుతారు.

ఇక జపాను దేశం చూడండి. అక్కడివారి సిరా కూడా మసే! మసినీ జిగురునూ కలిపి కడ్డీలు చేసి, రాతి మీద నీటితో అరగదీస్తారు. కాని వారి చేతిలో ఉన్నది వెంట్రుకల కుంచె. నొక్కితే గీత లావవుతుంది, ఎత్తితే సన్నబడుతుంది. ఈ విద్య చైనా నుంచి వచ్చింది. 6వ శతాబ్దంలో బౌద్ధం జపాను చేరిన తరువాత, మతగ్రంథాలకు ప్రతులు వ్రాయడంతో బాగా పెరిగింది. దాన్ని ‘షోదో’ అంటారు. ‘వ్రాత మార్గం’ అని అర్థం. ఏటా జనవరి 2వ తేదీన ఆ ఏటి తొలి వ్రాత వ్రాయడం అక్కడ ఆచారం.

గంటానికీ కుంచెకూ ఒక పోలిక ఉన్నది. కుంచె గీతను మళ్ళీ దిద్దరు. ఆకు మీద గీత చెరిగిపోదు. రెండు చోట్లా చేయి కదిలే ముందే మనసు నిలవాలి.

మన వ్రాతగాళ్ళకు మరొక బాధ్యత కూడా ఉండేది. తాటాకును పురుగు తింటుంది. అది శిథిలం కాకమునుపే ఎవరో ఒకరు కొత్త ఆకుల మీదికి ఎక్కించాలి. అలా ఎక్కించినవే మనదాకా వచ్చాయి. ఎక్కించనివి ఎన్నో నశించాయి. ఒక్క అక్షరం తప్పితే, ఆ తప్పు తరువాతి ప్రతులకు కూడా ప్రాకేది.

కనుక మీ ఇంటి అటక మీద తాటాకుల కట్ట ఉంటే, పనికిరాదని పారవేయనీయకండి. హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వంటి చోట్ల అటువంటివి భద్రపరుస్తారు. అందులో ఏమున్నదో విప్పి చదివితేగాని తెలియదు.