నొప్పి మోకాల్లో, జబ్బు తుంటిలో

మా అక్కవాళ్లది రేపల్లె. మేనల్లుడికి అప్పుడు పన్నెండేళ్లు, మనిషి కాస్త బొద్దు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచీ కుడి మోకాలు నొప్పంటున్నాడు. అక్కడ చూపిస్తే మోకాలికి ఎక్స్‌రే తీసి, బాగానే ఉందన్నారు. ఎదిగే పిల్లలకు మామూలేనని మాత్రలిచ్చారు. అక్క రోజూ నూనె కాచి మర్దన చేసేది. బడి ఎగ్గొట్టడానికే ఈ వేషాలని బావ కోప్పడేవాడు.

వేసవి సెలవులకు తెనాలిలో మా ఇంటికి వచ్చారు. స్టేషన్లో వాడు నడుస్తుంటే వెనక నుంచి చూశాను. కుడి పాదం బయటికి తిరిగి ఉంది. ఆ కాలిమీద బరువు నిలపకుండా చటుక్కున రెండో అడుగు వేసేస్తున్నాడు. మర్నాడే ఎముకల డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన మోకాలు తడిమి చూసి, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టారు. తొడను పొట్ట మీదికి వంచబోతే కాలు దానంతటదే బయటికి ఒరిగిపోయింది. లోపలికి తిప్పబోతే వాడు కెవ్వుమన్నాడు.

"జబ్బు తుంటిలో ఉందమ్మా. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే. అందుకే పిల్లలు మోకాలు చూపిస్తారు," అన్నారు అక్కతో.

రెండు తుంటి కీళ్లకూ ఎక్స్‌రే తీయించారు, కాళ్లు పక్కలకు వాల్చి మరొకటి. తొడ ఎముక తల, ఎముక పెరిగే చోట జారి ఉంది. ఎక్కువగా 10 నుంచి 16 ఏళ్ల మధ్య, బరువున్న పిల్లల్లో వస్తుందట. ఇంకా జారితే తలకు రక్తం అందక ఎముక చచ్చిపోవచ్చన్నారు. ఇక కాలు నేల మోపనివ్వలేదు. చక్రాల కుర్చీలో కారు దాకా తెచ్చి, అటునుంచి అటే గుంటూరు తీసుకెళ్లాం. స్క్రూతో బిగించారు. రెండో తుంటి కూడా జారే వీలుందని, ఎదుగుదల ఆగేదాకా చూపిస్తూనే వచ్చాం.

ఆ రోజు తెనాలిలో డాక్టర్ గారి వరండాలో బాపట్ల నుంచి వచ్చిన ఆరేళ్ల బాబు ఉన్నాడు. నొప్పి పెద్దగా లేదు, ఆడి ఆడి సాయంత్రానికి కుంటుతాడని వాళ్లమ్మ చెప్పింది. వాడిది పెర్తిస్ జబ్బు. తొడ ఎముక తలకు రక్తం తగ్గి అది మెత్తబడుతుంది; మళ్లీ గట్టిపడడానికి ఏళ్లు పడుతుంది. 1910లోనే వైద్యులు గుర్తించిన ఈ జబ్బును ఆ తల్లి ఆ రోజే మొదటిసారి విన్నది.

బిడ్డ కుంటుతున్నా, మోకాలు నొప్పన్నా, తుంటి కూడా చూడమని డాక్టర్ని అడగండి. జ్వరం కూడా ఉండి కాలు మోపలేకపోతే, కీలులో చీము పట్టిందేమో. ఒక్క రాత్రి కూడా ఆగకండి.