పాఠశాలల యభివృద్ధిని గొలుచుట

తూనికరాళ్లు సరిగా నున్నను, తూచువాని చేయి వంకరయైనచో బేరము చెడును. పాఠశాలల యభివృద్ధిని గొలుచు విషయమున మేమే యట్టి తప్పు చేసినవారము. గనుక ముందుగా మా తప్పు చెప్పుకొని, పిమ్మట లోకమునుగూర్చి మాటలాడుట న్యాయమని తలంచుచున్నాము.

మేము సర్కారు బడిలో ఉపాధ్యాయులముగా నున్న కాలమున, రెండవ తరగతి ముగియునప్పటికి నూటికి తొంబదిమంది పిల్లలు వాచకమును జదువగలిగి యుండవలెనని పైనుండి ఉత్తరువు వచ్చెను. ఉత్తరువు మంచిదే. కాని వెనుకబడిన బడివారు సంజాయిషీ చెప్పుకొనవలసి యుండునను బెదరింపు దానివెంట వచ్చెను. పరీక్షదినమున నొక బాలిక వాచకము చేతబట్టుకొని పాఠమును తడబడక యొప్పగించెను. మేము పుట త్రిప్పి వేఱొక పాఠము చూపితిమి. ఆమె చూపు క్రొత్తపుటమీదనే యుండెను గాని నోట వెలువడినది మొదటి పాఠమే. మేము నవ్వుకొని, పట్టికలో "చదువగలదు" అని వ్రాసితిమి. మా బడికి మెప్పు వచ్చెను.

ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట ఆమె యొక కాగితముతో మా గుమ్మమునొద్ద నిలిచి, "మాస్టారూ, బ్యాంకువాళ్లు పంపించారండి. ఇందులో ఏముందో కాస్త చదివిపెట్టండి" అని యడిగెను. నాడు మేము వ్రాసిన యొక్కమాట, ఆ బిడ్డకు మరల నేర్పనక్కఱలేదని చెప్పిన తీర్పయ్యెనని యప్పుడుగాని మాకు దోచలేదు.

ఈ దోషము మన దేశమునకే చెందినదని పాఠకులు తలంపవలదు. అమెరికాలో 2014వ సంవత్సరమునాటికి పిల్లలందఱును చదువునందును గణితమునందును తగిన ప్రావీణ్యము పొందవలెనని 2002లో నొక చట్టము వచ్చెను. అట్లాంటా నగరపు పాఠశాలల యధికారులు ప్రతి బడికిని ఏటేట చేరవలసిన గుఱిని నిర్ణయించి, చేరినవారికి బహుమానములను, చేరనివారికి భయమును గల్పించిరి. అంకెలు పెరిగెను. 2009లో ఆ పాఠశాలల సూపరింటెండెంటునకు దేశములోకెల్ల ఉత్తమురాలను బిరుదము లభించెను. తరువాత గవర్నరు నియమించిన విచారణకర్తలు 2011లో నివేదిక నిచ్చిరి. పరీక్షింపబడిన 56 బడులలో 44 బడులయందు మోసము జరిగెననియు, 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును మొదలగువారు అందు పాలుగొనిరనియు తేలెను. కొందఱు పిల్లలు వ్రాసిన తప్పు జవాబులను చెరిపి తామే దిద్దిరి! 2015లో న్యాయస్థానము పదునొకండుగురిని దోషులుగా నిర్ణయించెను. శిక్ష పెద్దలకు బడెను. కాని దిద్దిన మార్కులవలన వెనుకబాటు మఱుగుపడి, ప్రత్యేకబోధనము దక్కకపోయిన పిల్లల నష్టమును ఏ న్యాయస్థానము తీర్పగలదు?

అట్లయిన కొలుచుటయే మానవలెనని కొందఱందురు. అది జ్వరమానినిని పగులగొట్టి జ్వరము తగ్గెననుట వంటిది. కొలవవలసినదే, కాని గుఱి చేరుటవలన లాభమును, చేరకుండుటవలన నష్టమును బొందువాని చేతికే కొలబద్ద నీయరాదు. మన దేశమున ప్రథమ్ అను సంస్థ 2005 నుండి గ్రామములలో ఇంటింటికి మనుష్యులను బంపి, బిడ్డయెదుట చిన్నపాఠ ముంచి చదివించి వినుచున్నది. అందు బడికి బహుమానము లేదు, శిక్షయు లేదు. గనుక దాచవలసిన పనియు లేదు. రెండవ తరగతి పాఠమును జదువగల అయిదవ తరగతి పిల్లలు 2018లో నూటికి 50.5, 2022లో 42.8, 2024లో 48.8 మంది యని దాని లెక్క. ఈ యంకెలు మనకు సిగ్గు గలిగించును. అయినను నిజమైన సిగ్గు అబద్ధపు మెప్పుకంటె మేలు.

కావున ప్రతి జిల్లాయందును మూడు నియమములు పాటింపబడవలెను. బిడ్డ యెఱుగని పాఠమునే చదివింపవలెను. వినువారు పొరుగువారై యుండవలెను. తక్కువ యంకె వచ్చిన బడికి సంజాయిషీ కాగితము గాక, మఱియొక ఉపాధ్యాయుని బంపవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును నిలువవు. ఏలయన భయమున్నచోట నిజము పట్టికకెక్కదు.

ఆ స్త్రీ యిప్పుడు సాయంకాలములందు మాయింటికి వచ్చి అక్షరములు దిద్దుచున్నది. నిన్న నొక క్రొత్తపుట నిచ్చితిమి. మూడు పంక్తులు చదివి నాలుగవదానియొద్ద నిలిచిపోయెను. ఈసారి మేము మూడు పంక్తులనియే వ్రాసికొంటిమి.