పాట కింద మాట

తొంభైల్లో పెళ్లయినవాళ్ల ఇళ్లలో పెళ్లి వీడియోకు ఒక తీరుంటుంది. వినాయకుడి బొమ్మ మీద వధూవరుల పేర్లు పడతాయి. పెళ్లికూతురి ముఖం తామరపువ్వులోంచి విచ్చుకుంటుంది. స్నాతకం మొదలుకొని అప్పగింతల దాకా ఏదో ఒక సినిమా పాట సాగుతూనే ఉంటుంది. దాన్ని మిక్సింగ్ అనేవాళ్లు. మిక్సింగ్ బాగా చేస్తాడని పేరున్న స్టూడియోకు గిరాకీ ఎక్కువ. పురోహితుడి మంత్రం, సన్నాయి మేళం, పసిపిల్లల ఏడుపు, పెద్దల కేకలు అన్నీ ఆ పాట కిందికి వెళ్లిపోయేవి. చూసేవాళ్లెవరికీ అదొక లోటుగా తోచేది కాదు. మాకూ తోచలేదు. ఆ పాట కింద ఏముందో వినవలసి వచ్చినప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మనం మనుషుల గురించి ఏర్పరచుకున్న అభిప్రాయాల్లో, నిజంగా విని ఏర్పరచుకున్నవి ఎన్ని?

మా పిన్ని పెళ్లి 1996 వేసవిలో, తెనాలి దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో జరిగింది. ఆ క్యాసెట్ మా ఇంట్లో తరచుగా ఆడేది. చుట్టాలొస్తే పెట్టేవాళ్లం, పండగ పూట మధ్యాహ్నాలు పెట్టేవాళ్లం. అందులో రాత్రి భోజనాల దగ్గర ఒక దృశ్యం ఉంది. తాతయ్య మా నాన్నకు ఎదురుగా నిలబడి ఏదో అంటాడు. నుదురు ముడిపడి ఉంటుంది. కుడిచెయ్యి గాల్లో ఆడిస్తాడు, భుజం మీది కండువా జారి మోచేతిమీదికి వస్తుంది. నాన్న ముఖం తిప్పుకుని పక్కకు వెళ్లిపోతాడు. అంతా కలిపి అర నిమిషం. దాని మీద హుషారైన పాట.

ఆ దృశ్యం వచ్చినప్పుడల్లా మా పెద్దత్త అనేది: “అదిగో చూడండి. పెద్దల్లుడని కూడా చూడకుండా, పందిట్లో నలుగురి ముందూ ఎలా గదమాయించాడో.” అమ్మ మారు మాట్లాడేది కాదు. కాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లేది. నాన్న కూడా అవుననలేదు, కాదనలేదు. నాన్నా తాతయ్యా మాట్లాడుకోకపోవడమంటూ ఏమీ లేదు. సంక్రాంతికి వెళ్లేవాళ్లం, బట్టలు పెట్టేవారు, కుశలాలు అడిగేవారు. మర్యాదకు లోటు లేదు. దగ్గరితనమే లేదు. పిల్లలుగా మేము దానికి కారణం ఆ అర నిమిషంలో ఉందనుకున్నాం. చూశాం కదా మరి, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. తాతయ్య 2009లో పోయాడు.

పెళ్లి తీసిన స్టూడియో మూతపడే రోజుల్లో, వీడియో తీసినాయన తన దగ్గరున్న మాస్టర్ క్యాసెట్లను మా బాబాయి చేతిలో పెట్టాడట. మాస్టర్ క్యాసెట్ అంటే పందిట్లో కెమెరాలోకి నేరుగా ఎక్కినది, మిక్సింగ్ కానిది. చాలాచోట్ల దానిమీదే ఇంకో పెళ్లి తీసేసేవాళ్లు. ఇవి ఎలాగో మిగిలాయి. బాబాయి వాటిని బీరువా అడుగున పెట్టి మరిచిపోయాడు. బయటికి తీసేసరికి ఒకదాని కిటికీలోంచి టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తోంది. మన కోస్తా గాలిలో తేమకు వీడియో టేపుకు పట్టే జబ్బే అది. అలాంటిదాన్ని శుభ్రం చేయకుండా వీసీఆర్‌లో పెడితే హెడ్లు పాడవుతాయి, తర్వాత పెట్టే క్యాసెట్‌కూ అంటుకుంటుంది. పైగా కొత్త వీసీఆర్ దొరికే రోజులు పోయాయి. చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది.

ఆ క్యాసెట్లను శుభ్రం చేయించి నకలు తీయించే పని మీద తిరుగుతున్నప్పుడే తెలిసింది, మామూలు వీహెచ్ఎస్ టేపులో శబ్దానికి ఎంత చోటు ఇచ్చారో. టేపు వెడల్పు అరంగుళం. అందులో ఎక్కువ భాగం బొమ్మకే. మాటలు మాత్రం పై అంచున ఒక్క మిల్లీమీటరు వెడల్పున్న దారిలో పరుగెడతాయి. టేపు అంచు నలిగినా, మడతపడినా ముందు దెబ్బతినేది ఆ మాటలే. బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, గొంతు మాత్రం నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఈ సంగతి విన్నాక నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. మిక్సింగ్ చేసినవాళ్లు మాటను పాట కింద పెట్టారు, అంతకుముందే టేపు చేసినవాళ్లు దాన్ని అంచుకు నెట్టారు.

నకలు చేయించడానికి ఇచ్చినచోట కూడా అడిగిన ప్రశ్నలన్నీ బొమ్మ గురించే. మన దేశంలో అప్పటి వీడియోలో కనిపించే గీతలు 576. ఇవాళ్టి 4కే టీవీలో 2160. ఆ చిన్న బొమ్మను అంత తెరకు సాగదీస్తే ముఖాలు అలుక్కుపోతాయి, కదిలే చేతుల అంచులకు దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. వాటిని ఎలా తగ్గించాలి, రంగు ఎంత పెంచాలి, అనవసరమైన చోట్ల కత్తిరించమంటారా అని అడిగారు. కత్తిరించవద్దన్నాను. గంటకు 13 జీబీ చొప్పున ముందు డీవీ ఫైలుగా ఎక్కించి, టీవీకి అది పనికిరాదు కాబట్టి బొమ్మను హెచ్.264లోకి కుదించి ఇంకో ప్రతి ఇచ్చారు. మా ఇంటి వీడియోలన్నీ, పెళ్లిళ్లూ, ఓణీల ఫంక్షన్లూ, మినీడీవీ కెమెరాతో తీసుకున్న తిరుపతి ప్రయాణాలూ, ఫోన్లలో తీసినవీ, అన్నీ కలిపి ఒక పెద్ద డిస్కులో చేరాయి.

పెద్ద డిస్కును టీవీకి తగిలించడం అనుకున్నంత తేలిక కాదు. మొదట చిన్నసైజు డిస్కు పెడితే టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. టీవీ వెనకాల ఉండే మామూలు యూఎస్‌బీ రంధ్రం ఇచ్చేది అర ఆంపియరే, దానికి చాలలేదు. గోడ ప్లగ్గులోంచి సొంతంగా కరెంటు తీసుకునే 8 టీబీ డిస్కు పెట్టాక నిలబడింది. పాత పద్ధతి ఫ్యాట్32లో ఉంటే 4 జీబీని మించిన ఫైలు పట్టదు, మూడు గంటల పెళ్లి ముక్కలు ముక్కలవుతుంది. అందుకని ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాను. ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరమనిపిస్తోంది. కార్యక్రమాలను రికార్డు చేసే సదుపాయమున్న కొన్ని టీవీలు కొత్త డిస్కును చూడగానే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. రిమోట్ పిల్లల చేతిలో ఉండి సరేనని నొక్కితే ముప్పై ఏళ్లు క్షణంలో పోతాయి. రెండో ప్రతి ఇంకో డిస్కులో, వీలైతే ఇంకో ఇంట్లో ఉండాలి.

సంక్రాంతికి అందరం పిన్ని ఇంట్లో కలిశాం. కనుమ నాడు సాయంత్రం మాస్టర్ క్యాసెట్ ఫైలు పెట్టాను. బొమ్మ వచ్చింది. శబ్దం రాలేదు. తెర అడుగున, ఈ ఆడియోను ఈ టీవీ గుర్తించదని ఒక వాక్యం వచ్చి పోయింది. బొమ్మను కుదించినప్పుడు శబ్దాన్ని పాత పీసీఎం రూపంలోనే వదిలేశారు. అది ఆ టీవీకి అర్థం కాలేదు. ఆపేద్దామన్నాను, ఎవరూ ఆపనివ్వలేదు. మూగగానే చూశారు. చూస్తూ మాటలు వాళ్లే పెట్టారు. ఇక్కడ ఫలానా ఆయన ఇలా అన్నాడు, అక్కడ ఫలానా ఆవిడ అలా దెప్పింది అని. భోజనాల దృశ్యం వచ్చింది. ఈసారి పాట లేదు, మాటా లేదు. పెద్దత్త తన మాట తాను చెప్పింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ రాత్రి బొమ్మ జోలికి పోకుండా, శబ్దాన్ని మాత్రం ఏఏసీలోకి మార్చి ఫైలు మళ్లీ డిస్కులో పెట్టాను. కంప్యూటర్‌కు అది కాసేపటి పని. మర్నాడు ముక్కనుమ. పొద్దున్నే కాఫీల దగ్గర మళ్లీ పెట్టాం.

డోలు, సన్నాయి. వాటి మీద జనరేటర్ హోరు. ఆ హోరు మీదుగా తాతయ్య గొంతు.

“అల్లుడుగారూ, ముందు మీరు కూచోండి. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. వడ్డనకు కుర్రాళ్లున్నారు. అదిగో, ఆ చివర విస్తరి ఖాళీగా ఉంది. కూచోండి.”

నాన్న గొంతు సన్నగా వినిపించింది. “ఈ బంతి అయిపోనివ్వండి మామయ్యగారూ.” అని పక్కకు తిరిగి సాంబారు బకెట్టు అందుకున్నాడు. బకెట్టు తెర అంచున కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్లూ ఎవరమూ చూడలేదు. తాతయ్య చెయ్యి ఊపింది ఖాళీ విస్తరి చూపించడానికి. నుదురు ముడిచింది ఎదురుగా కొడుతున్న వీడియో లైటుకు. ఆ వరుసలో నిలబడ్డ ప్రతివాళ్ల నుదురూ అలాగే ఉంది.

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాత్రం అంది: “మా నాన్న గొంతే అంత. పక్కన కూచున్నవాణ్ణి కూడా పొలం గట్టుమీదున్నవాణ్ణి పిలిచినట్టే పిలిచేవాడు.”

కథ ఇక్కడితో తేలిపోయిందని నాకూ ఆ క్షణంలో అనిపించింది. అపార్థం, నిజం, ఊరట. అయితే తర్వాత నాన్నను ఒంటరిగా అడిగాను. మీరు అక్కడే ఉన్నారు కదా, ఆయన అన్నది మీకు తెలుసు కదా, మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు అని. నాన్న వెంటనే చెప్పలేదు. “ఆ రాత్రి ఆయన నా మీద అరిచారనే గుర్తురా. ఏమన్నారో గుర్తులేదు. అరిచారని గుర్తు. క్యాసెట్ చూసీ చూసీ, నాకు గుర్తున్నది పెళ్లో క్యాసెట్టో కూడా చెప్పలేను” అన్నాడు. ఇంకో మాట ఏదైనా, కెమెరా లేనప్పుడు, అని ఉంటారా అన్నాను. “అని ఉండొచ్చు” అన్నాడు.

ఆ జవాబు దగ్గరే నేను చాలారోజులు ఆగిపోయాను. టేపు అబద్ధమాడలేదు. కానీ అది చెప్పింది అర నిమిషమే. మామా అల్లుళ్ల మధ్య ఎడం ఒక పాటవల్ల ఏర్పడిందంటే అది వాళ్లిద్దరినీ చిన్నబుచ్చడమే అవుతుంది. డబ్బు సంగతులున్నాయి, స్వభావాలున్నాయి, నాకు తెలియని ఏళ్లున్నాయి. ఒక మాట వినబడగానే వాటన్నిటినీ కొట్టేసి, తాతయ్యను మంచివాడిగా నిలబెట్టాలన్న తొందర నాలోనూ లేచింది. అరిచాడని తేల్చిన తొందరకూ, ప్రేమగా పిలిచాడని తేల్చే తొందరకూ తేడా ఎంత? రెండింటికీ ఆధారం అదే అర నిమిషం.

తేడా లేకపోలేదని ఇప్పుడు అనుకుంటున్నాను. మొదటిసారి మేము వినని దాన్ని సాక్ష్యంగా పెట్టుకున్నాం. చూసిన ప్రతిసారీ ఆ సాక్ష్యం బలపడింది, ఎందుకంటే దాన్ని కాదనే గొంతు పాట కింద ఉంది. ముఖం ఒక్కటే కనిపిస్తే దానికి మాట మనమే ఇస్తాం, ఆ మాట మన మనసులో అప్పటికే ఉన్నదై ఉంటుంది. ఎదుటి మనిషి పెదవుల మీద మన అనుమానాన్ని పెట్టి, అతను అన్నాడనుకుంటాం. పెద్దత్తకు తమ్ముడి మీది ప్రేమ ఆ మాటను ఇచ్చింది. అందులో చెడు ఏమీ లేదు. అందుకే అది అంతకాలం నిలిచింది. మనందరి ఇళ్లలోనూ ఇలాంటి మూగ దృశ్యాలు కొన్ని ఉంటాయేమో. క్యాసెట్లలో ఉన్నవి కొన్నే. చాలావరకు మన జ్ఞాపకంలోనే, మన పాటల కిందే ఉంటాయి. వాటిని మళ్లీ వినే వీలు సాధారణంగా రాదు. మాకు వచ్చింది, బాబాయి బీరువా అడుగున ఒక పెట్టె పారేయకపోవడం వల్ల.

విన్నాక తీర్పు మారిందా అంటే, మారిందనడం కన్నా తీర్పు ఇవ్వవలసిన పని లేకుండా పోయిందంటాను. అల్లుడు పస్తున్నాడని ఒక మామగారు కేకేశాడు. అంత మాత్రం ఖాయం. మిగిలింది తెలియదు. ఆ తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచడం మా ఇంట్లో ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. పెద్దత్త ఆ దృశ్యం వచ్చినప్పుడు ఇప్పుడేమీ అనదు. నాన్న ఆ ముక్క మళ్లీ పెట్టమని అప్పుడప్పుడు అడుగుతాడు. పెడతాను.

ఆ డిస్కులో ఇప్పుడు ఏదీ కత్తిరించడం లేదు. బంతుల్లో కూర్చున్నవాళ్ల పేర్లు అమ్మనూ పిన్నినీ అడిగి, ప్రతి ఫైలు పక్కన ఒక చిన్న ఫైలులో రాసి పెడుతున్నాను. మిక్సింగ్ క్యాసెట్ కూడా అలాగే ఉంచాను. మేము ఇన్నేళ్లూ చూసింది అదే కాబట్టి, అదీ మా ఇంటి చరిత్రే.

మీ ఇంట్లో, మీ చుట్టాల ఇళ్లలో, మూతపడిన స్టూడియోల అటకల మీద మిక్సింగ్ కాని క్యాసెట్లు ఉన్నాయేమో అడిగి చూడండి. బూజుంటే మీరు వీసీఆర్‌లో పెట్టకండి, శుభ్రం చేయగలవాళ్లకు ఇవ్వండి. నకలు చేతికొచ్చాక బొమ్మ బాగుందని తృప్తిపడి వచ్చేయకండి, అక్కడే కూర్చుని మాట వినబడుతోందో లేదో మొదలు, మధ్య, చివర విని చూడండి. తర్వాత టీవీలో పెట్టి, ఆ పందిట్లో తిరిగిన మనుషులు మన మధ్య ఉండగానే వాళ్లకు వినిపించండి. మా తాతయ్యకు ఆ వీలు లేకపోయింది.