పెండైన్ ఇసుకలోని మోటారుబండి

వేగమును గూర్చిన లెక్కలు చెప్పునపుడు మేము రైలుబండిని విడిచి, వేల్సు దేశపు పెండైన్ తీరమున పరుగిడిన ‘బాబ్స్’ అను మోటారుబండిని ఉదాహరణముగా గైకొనుచుందుము. గంటకు 171 మైళ్లు పోవు బండికి ఒక మైలు పోవుటకు ఎన్ని సెకనులు పట్టునని యడుగుదుము. సుమారు 21 అని తేలగానే పిల్లలు తమలో తాము 21 వఱకు లెక్కించి చూచుకొందురు. అటుపిమ్మట వారడుగు ప్రశ్న లెక్కకు సంబంధించినది కాదు: "అయ్యా, నడిపిన వాడేమాయెను?"

ఆయన పేరు ప్యారీ థామస్. వేల్సున పుట్టినవాడు, లేలండ్ మోటారు సంస్థలో ప్రధాన ఇంజనీరుగా నుండినవాడు. జబొరోవ్‌స్కీ యను ధనవంతుడు 1924లో మోంజా పందెమున మరణింపగా, ఆయన బండిని థామస్ 125 పౌనులకు కొని మార్పులు చేసికొనెను. విమానమునకై నిర్మించిన 27 లీటర్ల లిబర్టీ ఇంజను అందుండెను. దాని బలము గొలుసుల ద్వారా వెనుకచక్రముల కందుచుండెను.

పెండైన్ సుమారు 7 మైళ్ల ఇసుకబయలు. సముద్రము వెనుకకు తీసిన వేళయే అచట పరుగునకు అనువు. గాలి యొకవైపు సాయపడి లెక్క చెడకుండ, పోయి వచ్చిన రెండు పరుగుల సగటునే గ్రహింతురు. (పరీక్షలకు గూడ రెండవ పరుగున్న బాగుండునని మా విద్యార్థుల మనవి.) 1926 ఏప్రిల్ 28న ఆయన 171.02 మైళ్ల వేగము సాధించెను. 1927 ఫిబ్రవరిలో మాల్కం క్యాంబెల్ అదే తీరమున దానిని మించెను. మార్చి 3న థామస్ మరల వచ్చి, ఆ పరుగుననే ప్రాణము గోల్పోయెను.

గొలుసు తెగి తలకు తగిలెనని లోకము నమ్మెను. బండిని అచటనే ఇసుకలో పూడ్చిరి. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అను కళాశాలోపాధ్యాయుడు దానిని త్రవ్వి తీయించి, ఏండ్ల తరబడి బాగుచేసి మరల నడపించెను.

పూడ్చిన దానిని త్రవ్వుట తగునా యని మా తరగతిలో రెండు పక్షములేర్పడును. చనిపోయినవాని వస్తువును కదలింపరాదని యొక పక్షము. వారి మాటను మేము తేలికగా గొనము. అయినను త్రవ్వుటయే మేలందుము. ఏలయన, బయటపడిన భాగములను పరిశీలించిన వారికి వెనుకచక్రము ముందుగా విఱిగియుండునని తోచెను. గొలుసు తెగుట తరువాతిది కావచ్చును. ఇసుక క్రింద నున్న 42 ఏండ్లును నింద గొలుసుపైననే యుండెను.

చక్రమేల విఱుగునని వారడుగుదురు. అంతట మేము నల్లబల్లపై పుల్లల చక్రమును గీచి, తిరుగునపుడు బలము వానిపై నెట్లు పడునో చెప్ప మొదలిడుదుము. ఆనాటి మిగిలిన లెక్కలు మఱునాటికి పోవును.